పీఎస్‌ఏ రక్తపరీక్షకు ఎలా సిద్ధం కావాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

శ్రీకాకుళం టౌన్‌లో ల్యాబ్ టెక్నీషియన్‌గా ఇరవై ఏళ్ల పైనుంచి రక్తం తీస్తున్నాను. షుగరు, థైరాయిడ్, క్రియాటినిన్ గురించి జనం కౌంటరు దగ్గర గట్టిగానే అడుగుతారు. మగవాళ్ల ప్రోస్టేట్ గ్రంథి కోసం చేసే పీఎస్‌ఏ దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గిపోతుంది. సగం ప్రశ్నలు మగవాళ్లు అడగనే అడగరు. వాళ్ల భార్యో, కొడుకో, కూతురో తర్వాత ఫోను చేసి అడుగుతారు. అలా నన్ను అడిగినవీ, అడగడానికి మొహమాటపడి వెళ్లిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. రక్తం ఇచ్చే ముందు తెలుసుకోవలసిన సంగతులు నేను చెప్పగలను. వైద్యం మాత్రం యూరాలజిస్టు, అంటే మూత్ర సంబంధ జబ్బుల డాక్టరు చెప్పాల్సిందే.

అసలు పీఎస్‌ఏ అంటే ఏమిటి?

మగవాళ్లకు మూత్రాశయం కింద, మూత్రనాళం చుట్టూ ప్రోస్టేట్ అనే చిన్న గ్రంథి ఉంటుంది. వీర్యంలో కలిసే ద్రవంలో కొంత భాగం అక్కడే తయారవుతుంది. ఆ గ్రంథి తయారుచేసే ఒక ప్రోటీన్ పేరే పీఎస్‌ఏ (ప్రోస్టేట్ స్పెసిఫిక్ యాంటిజెన్). వీర్యాన్ని పల్చగా ఉంచడం దాని పని. అందులో చాలా కొద్దిపాటి మాత్రమే రక్తంలోకి వస్తుంది. ఆ కొద్దిపాటినే మేము కొలుస్తాం, ఒక మిల్లీలీటరు రక్తంలో ఎన్ని నానోగ్రాములు ఉందో చూస్తాం.

గ్రంథికి ఏ ఇబ్బంది వచ్చినా రక్తంలోకి వచ్చే పీఎస్‌ఏ పెరగొచ్చు. క్యాన్సర్ వచ్చినా పెరగొచ్చు, వయసుతో గ్రంథి ఉబ్బినా పెరగొచ్చు, ఇన్ఫెక్షన్ వచ్చినా పెరగొచ్చు. అంటే ఇది ప్రోస్టేట్ సంగతి చెప్పే టెస్టే గానీ, క్యాన్సర్ ఉందని తేల్చే టెస్టు కాదు. అమెరికాలో ఈ పరీక్షకు 1986లో మొదట అనుమతి ఇచ్చింది కూడా, అప్పటికే క్యాన్సర్ ఉన్నవాళ్లకు మందు పనిచేస్తోందో లేదో చూడటానికే. వ్యాధిని ముందుగా పట్టుకోవడానికి వాడొచ్చని ఒప్పుకున్నది 1994లో.

పరగడుపున రావాలా?

అక్కర్లేదు. ఇడ్లీ తిని, టీ తాగి రండి. నీళ్లు బాగా తాగి వస్తే నరం తేలిగ్గా దొరుకుతుంది, నాకూ మీకూ సుఖం. ఉదయమే రావాలన్న నియమం కూడా లేదు.

ఒక్కటే చిక్కు. డాక్టరు గారు అదే చీటీలో ఫాస్టింగ్ షుగరో, కొలెస్ట్రాలో కూడా రాసి ఉంటే, వాటి కోసం రాత్రి భోజనం తర్వాత ఏమీ తినకుండా రావాలి. షుగరు మాత్రలు వేసుకునే పెద్దవాళ్లు పీఎస్‌ఏ ఒక్కదాని కోసం ఆకలితో బస్సెక్కి వచ్చి, మా బెంచీ మీద కళ్లు తిరిగి కూలబడ్డ రోజులున్నాయి. చీటీలో ఏముందో ముందురోజే ఒకసారి ఫోను చేసి చదివి వినిపించండి.

రెండు రోజుల ముందు నుంచి ఏవో మానుకోవాలంటారు, ఏమిటవి?

ముఖ్యంగా రెండు. మొదటిది, టెస్టుకు ముందు రెండు రోజులు, అంటే 48 గంటలు, వీర్యం పోకూడదు. భార్యాభర్తల కలయిక వల్లనైనా సరే, ఇంకోలాగైనా సరే. వీర్యం పోయిన తర్వాత రక్తంలో పీఎస్‌ఏ కొంచెం పెరిగి, ఒకటి రెండు రోజుల్లో మళ్లీ దిగుతుంది. నిద్రలో పోయినా అంతే. అలా జరిగితే సిగ్గుపడాల్సింది ఏమీ లేదు, ‘రెండు రోజులు ఆగి వస్తాను’ అని ఫోను చేస్తే చాలు, కారణం చెప్పనక్కర్లేదు.

ఈ మాటే ఎక్కువ మంది చెప్పరు. కౌంటరులో కూర్చున్న అమ్మాయి అడగలేదు, వచ్చిన పెద్దాయన చెప్పలేదు, రక్తం మాత్రం తీసేశారు. రిపోర్టులో 4.3 అని, అంటే మామూలుగా గీసే 4 అన్న గీత దాటి వస్తే ఇంటిల్లిపాదికీ టెన్షన్. అందుకే నేను ఇప్పుడు నోటితో అడగడం మానేసి చిన్న కాగితం మీద అచ్చు వేయించాను. చదువుకుని అవును, కాదు అని టిక్కు పెడతారు. చదువు రానివాళ్లను పక్కకు పిలిచి, మెల్లగా చదివి వినిపిస్తాను.

రెండోది, ఒళ్లు అలిసిపోయేంత వ్యాయామం, అందులోనూ సైకిలు తొక్కడం.

సైకిలు తొక్కితే రక్తానికేమవుతుంది?

ప్రోస్టేట్ సరిగ్గా సైకిలు సీటు ఒత్తుకునే చోటికి పైనే ఉంటుంది. గంటల తరబడి సీటు మీద కూర్చుని తొక్కితే ఆ ఒత్తిడి గ్రంథి మీద పడుతుంది. అందరికీ పెరుగుతుందని కాదు, పెరిగే అవకాశం ఉంది కాబట్టి రెండు రోజులు ఆపమంటారు.

ఆమదాలవలస వైపు నుంచి ఒక పెద్దాయన రోజూ సైకిలు మీద కూరగాయలు తెచ్చి అమ్ముకుంటారు. ఒకరోజు బుట్టలు ఖాళీ చేసుకుని, ఆ సైకిలు మీదే నేరుగా మా దగ్గరికి పీఎస్‌ఏకి వచ్చారు. చెమట ఆరలేదు, క్యారియరు మీద గోనెసంచి ఇంకా తడిగానే ఉంది. రెండు రోజులాగి రమ్మన్నాను. ఆయనకు కోపం వచ్చింది. “ఏటి బాబూ, రక్తం తియ్యమంటే ఇంటికెళ్లిపోమంతావేటి? సైకిలు తొక్కకపోతే నా ఇల్లెలా గడుస్తాది?” అన్నారు. ఆయన మాటలో న్యాయం ఉంది. రెండు రోజుల బేరం పోవడమంటే ఆయనకు చిన్న సంగతి కాదు. చివరికి ఒక దారి ఆలోచించాం. పండగకు బేరం ఆపుకునే రోజులు ఎప్పుడొస్తాయో చూసుకుని, ఆ మర్నాడు ఆటోలో వచ్చారు. ఏ ఇబ్బందీ లేకపోయినా ముందుగా చూసుకునే స్క్రీనింగ్ టెస్టుకు తొందరేమీ లేదు, మీకు వీలైన రోజు చూసుకోండి.

బైకు గురించి కూడా అడుగుతారు. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం దాకా బండి మీద రావాల్సిన పని పెట్టుకోకండి, బస్సో రైలో చూసుకోండి. ఊళ్లో రెండు కిలోమీటర్ల దూరానికి బండి మీద వచ్చారని నేనెవర్నీ వెనక్కి పంపను. నడక మామూలుగా నడవొచ్చు. జిమ్ము, బరువులు, పరుగు రెండు రోజులు ఆపండి.

ఒంటికి వెళ్తే మంట, జ్వరం ఉన్నాయి. ఇప్పుడే చేయించుకోవచ్చా?

వద్దు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకుంటామంటే ఇదే గుర్తుంచుకోండి.

మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ప్రోస్టేట్ వాచినా పీఎస్‌ఏ రెండింతలు కాదు, ఐదారింతలు కూడా పెరగగలదు. ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా వెంటనే దిగదు, నెమ్మదిగా వారాల మీద దిగుతుంది. అందుకే యాంటీబయాటిక్ కోర్సు పూర్తయ్యాక కనీసం ఆరు వారాలు ఆగమంటారు. మూత్రం ఆగిపోయి పైపు వేసినా, లోపలికి కెమెరా పంపి చూసినా, ప్రోస్టేట్ నుంచి ముక్క తీసినా ఇదే లెక్క.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మాది సోంపేట దగ్గర పల్లె. 2019లో, మా నాన్నకు అరవై ఆరేళ్లప్పుడు, ఒక రాత్రి ఒక్క చుక్క కూడా ఒంటికి రాక పొట్ట రాయిలా అయిపోయింది. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో పైపు వేశారు, ప్రాణం కుదుటపడింది. అంతవరకు వాళ్లు చేసింది సరైన పనే. మర్నాడు పొద్దున్న, పైపు ఇంకా తీయకుండానే, మూత్రంలో చీము ఉందని వాళ్ల రిపోర్టులోనే ఉండగా, పీఎస్‌ఏకి రక్తం తీశారు. 17.4 వచ్చింది. రౌండ్స్‌కి వచ్చిన చిన్న డాక్టరు ఆ కాగితం చూసి “క్యాన్సర్ అనుమానం, విశాఖపట్నం వెళ్లండి” అనేసి పక్క మంచానికి వెళ్లిపోయారు.

నేను ఆ సమయంలో డ్యూటీలో ఉన్నాను, అమ్మ ఫోనులో ఏడుస్తూ చెప్పింది. నాన్న ఆ రోజు నుంచి అన్నం సరిగ్గా తినలేదు. 2018 తిత్లీ తుఫాను పడగొట్టగా మిగిలిన జీడితోట అర ఎకరం ఉంది మాకు. ఆపరేషన్ ఖర్చుకని దాన్ని అమ్మేయడానికి మనిషిని కూడా చూసుకున్నారు. నేను వెళ్లి పట్టుబట్టి ఆపాను. యాంటీబయాటిక్ పూర్తిచేయించి, పైపు తీయించి, ఏడో వారం దాటాక మా ల్యాబ్‌లో నేనే రక్తం తీశాను. 3.1 వచ్చింది. యూరాలజిస్టు చూసి, ఇది వయసుతో వచ్చే ఉబ్బు అని చెప్పి మాత్రలు రాశారు. మధ్యలో ఆ ఏడు వారాలూ మా ఇంట్లో ఎవ్వరూ సరిగ్గా నిద్రపోలేదు. ఆ ఏడు వారాలు ఇంకొకరికి రాకూడదనే నేనింతగా చెబుతున్నాను.

రోజూ వేసుకునే మాత్రలు ఆపాలా?

బీపీ, షుగరు, గుండె మాత్రలు ఏవీ ఆపొద్దు. రక్తం పల్చబడే మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి నాకు చెప్పండి, సూది తీశాక దూదిని ఐదు నిమిషాలు గట్టిగా నొక్కి పట్టుకుందాం. అంతకు మించి ఏమీ లేదు.

అసలు అడగాల్సినవి ప్రోస్టేట్ మాత్రలు. మూత్రం ధార సరిగ్గా రావడానికి రాసే మాత్రల్లో ఫినాస్టెరైడ్ లేదా డ్యుటాస్టెరైడ్ ఉంటే, ఆరు నెలల నుంచి ఏడాది వాడేసరికి పీఎస్‌ఏ సుమారు సగానికి దిగిపోతుంది. అంటే రిపోర్టులో 2.5 కనబడినా అసలు లెక్క 5 అనుకోవాలి. డాక్టరు దాన్ని రెట్టింపు చేసుకుని చూస్తారు, కానీ మీరు ఆ మాత్ర వాడుతున్నారని ఆయనకు తెలిస్తేనే. మన దగ్గర చాలామందికి టామ్సులోసిన్‌తో కలిపి డ్యుటాస్టెరైడ్ ఒకే మాత్రలో రాస్తారు, కాబట్టి మాత్రల పేరు నోటితో చెప్పకుండా అట్టను జేబులో పెట్టుకుని తీసుకురండి. ఒక్క టామ్సులోసిన్ అయితే అంకె మారదు.

జుట్టు రాలకుండా కుర్రవాళ్లు, నడివయసువాళ్లు వేసుకునే ఫినాస్టెరైడ్ చిన్న డోసు కూడా పీఎస్‌ఏను అలాగే దించుతుంది. బట్టతల మాత్రకూ ఈ టెస్టుకూ సంబంధమేమిటని ఎవరూ చెప్పరు. చెప్పండి. మాత్ర ఆపమని అనడం లేదు, సొంతంగా ఆపకండి కూడా. చెబితే చాలు.

విటమిన్ మాత్రల వల్ల కూడా రిపోర్టు తప్పొస్తుందా?

బయోటిన్ వల్ల రావొచ్చు. జుట్టుకు, గోళ్లకు అని అమ్మే మాత్రల్లో 5, 10 మిల్లీగ్రాముల బయోటిన్ ఉంటుంది. మేము వాడే కొన్ని రకాల మిషన్లలో రసాయనం పనిచేసేది బయోటిన్ ఆధారంగానే. రక్తంలో అది బాగా ఎక్కువగా ఉంటే పీఎస్‌ఏ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. తప్పుగా తక్కువ రావడం తప్పుగా ఎక్కువ రావడం కంటే ప్రమాదం, ఎందుకంటే తక్కువ వస్తే ఎవరూ మళ్లీ అడగరు. రెండు మూడు రోజుల ముందే ఆ మాత్ర ఆపి, ఆపానని చెప్పండి. చెట్టుమందులు, నాటు వైద్యుల పొడులు వాడుతున్నా దాచొద్దు.

కిడ్నీ జబ్బు ఉంది, డయాలిసిస్ జరుగుతోంది. ఈ టెస్టు పనికొస్తుందా?

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం వాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఇంటింటా క్రియాటినిన్ అంకె నోటికొస్తుంది. కానీ క్రియాటినిన్ వేరు, పీఎస్‌ఏ వేరు. మొదటిది కిడ్నీ సంగతి, రెండోది ప్రోస్టేట్ సంగతి. ఒకటి పెరిగిందని రెండోది పెరగదు. మామూలు పీఎస్‌ఏను, అంటే టోటల్ పీఎస్‌ఏను, కిడ్నీ జబ్బు పెద్దగా కదిలించదు. రక్తంలో వేరే ప్రోటీన్లకు అంటుకోకుండా విడిగా తిరిగే భాగాన్ని కొలిచే ఫ్రీ పీఎస్‌ఏ అనే ఇంకో టెస్టు మాత్రం కిడ్నీ పాడైనవాళ్లలో నమ్మదగ్గది కాదు. డయాలిసిస్ జరిగే చేతి నుంచి, అంటే ఫిస్టులా ఉన్న చేతి నుంచి రక్తం తీయనివ్వకండి. సూది పట్టుకున్నవాళ్లకు ఆ చెయ్యి ముందే చూపించండి.

ఇంకో మాట. పీఎస్‌ఏ పెరిగితే డాక్టర్లు ఎమ్మారై రాస్తారు. అందులో ఎక్కించే మందు కిడ్నీ జబ్బు ముదిరినవాళ్లకు జాగ్రత్తగా ఇవ్వాల్సినది. స్కానింగ్ దగ్గర మీ క్రియాటినిన్ రిపోర్టు తప్పక చూపించండి.

ముందు డాక్టరు వేలితో పరీక్ష చేస్తారట, అది అయ్యాక రక్తం ఇవ్వాలా?

ఆ పరీక్షలో డాక్టరు మలద్వారంలోంచి వేలితో ప్రోస్టేట్‌ను తడిమి చూస్తారు. ముందు రక్తం ఇచ్చేసి, తర్వాత ఆ పరీక్ష చేయించుకోండి. అది అప్పటికే అయిపోతే ఒక వారం ఆగితే మేలు.

రక్తం ఎలా తీస్తారు? బట్టలు విప్పాలా?

విప్పక్కర్లేదు. ఇది అడిగేది కుర్రవాళ్లు కాదు, డెబ్బై ఏళ్ల తాతలు. పాపం ఏ టెస్టో తెలియక భయపడి వస్తారు. చొక్కా చెయ్యి పైకి మడవడమే. రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో నరం చూసి, మూడు నుంచి ఐదు మిల్లీలీటర్లు తీస్తాం. చీమ కుట్టినంత. మా ల్యాబ్‌లో ఆడపిల్లలు కూడా రక్తం తీస్తారు, మగవాళ్లే కావాలంటే అడగండి, ఎవరూ ఏమీ అనుకోరు.

తీసిన రక్తాన్ని స్టాండులో అరగంట నిలబెడతాం. ముద్ద కట్టి కిందికి దిగుతుంది. తర్వాత మిషన్‌లో గిర్రున తిప్పితే, కింద ఎర్రటి గడ్డ, పైన ఎండుగడ్డి రంగులో తేటనీరు మిగులుతుంది. పీఎస్‌ఏ కొలిచేది ఆ తేటలోనే.

మా ఊరి కలెక్షన్ సెంటర్లో ఇవ్వొచ్చా, టౌన్‌కే రావాలా?

ఇవ్వొచ్చు. కానీ రెండు ప్రశ్నలు అడగండి. రక్తం తీశాక ఇక్కడే తేట వేరుచేస్తారా? శాంపిల్ ఎక్కడికి, ఎప్పుడు వెళ్తుంది? చిన్న సెంటర్ల నుంచి శాంపిళ్లు విశాఖపట్నం పోతాయి. తేట వేరుచేసి, చల్లగా పంపితే ఇబ్బంది లేదు. మే నెల ఎండలో ట్యూబు కౌంటరు మీదే సాయంత్రం దాకా పడి ఉంటే ఇబ్బందే. సరిగ్గా చేసేవాళ్లు ఈ ప్రశ్నకు విసుక్కోరు.

ఒకసారి ఎక్కడ ఇస్తే, తర్వాత కూడా అక్కడే ఇవ్వడం మంచిది. కంపెనీ కంపెనీకి మిషన్ లెక్క కొంచెం తేడా ఉంటుంది. ఒక చోట 3.6, ఇంకోచోట 4.2 వస్తే జబ్బు పెరిగిందని కాదు, మిషన్ మారిందని కావొచ్చు. పాత రిపోర్టులన్నీ ఒక సంచిలో పెట్టుకుని వెంట తెచ్చుకోండి. డాక్టరు చూసేది ఈ రోజు అంకె ఒక్కటే కాదు, ఏళ్ల మీద అది ఎలా నడిచిందో కూడా.

ఏ వయసులో చేయించుకోవాలి?

ప్రభుత్వం తరఫున మన దేశంలో నోటి క్యాన్సర్‌కు, రొమ్ము క్యాన్సర్‌కు, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు స్క్రీనింగ్ ఉంది. ప్రోస్టేట్‌కు లేదు. కాబట్టి ఇది మీరూ మీ డాక్టరూ మాట్లాడుకుని నిర్ణయించుకునేది. మామూలుగా యాభై దాటాక ఆ మాట మొదలవుతుంది. తండ్రికో అన్నదమ్ములకో ఈ క్యాన్సర్ వచ్చి ఉంటే రిస్కు సుమారు రెట్టింపు, నలభై అయిదు నుంచే మాట్లాడాలి. అమెరికా నిపుణుల కమిటీ 2018లో చెప్పినదాని ప్రకారం 55 నుంచి 69 ఏళ్లవాళ్లు లాభనష్టాలు తెలుసుకుని సొంతంగా నిర్ణయించుకోవాలి, డెబ్బై దాటాక స్క్రీనింగ్ కోసం వద్దు.

హెల్త్ ప్యాకేజీలో పీఎస్‌ఏ ఉంది. ఎలాగూ ఉంది కదా, చేయించేస్తే పోలేదా?

ప్యాకేజీలో ఉన్నంత మాత్రాన చేయించుకోవాలని లేదు. ముప్పై అయిదేళ్ల కుర్రాడికి, ముందు రోజు జిమ్ము చేసి వచ్చినవాడికి, ఎవరూ ఒక్క ప్రశ్న కూడా అడగకుండా డెబ్బై టెస్టుల్లో ఒకటిగా పీఎస్‌ఏ చేసేస్తారు. అంకె పక్కన నల్లగా దిద్దిన అక్షరాలు చూసి ఆ పిల్లవాడు రాత్రంతా సెల్‌ఫోనులో వెతుక్కుంటాడు. పీఎస్‌ఏ మీకు కావాలో వద్దో తేలాకే ఇవ్వండి. వద్దంటే ఆ ఒక్క టెస్టు తీసేయమని అడగొచ్చు.

మరి ఈ టెస్టు వల్ల ప్రాణం నిలబడుతుందా?

యూరప్‌లో 1993లో మొదలుపెట్టి, 55 నుంచి 69 ఏళ్ల మగవాళ్లు లక్షా అరవై వేల మందికి పైగా చేర్చుకుని, 23 ఏళ్లు వెంటపడి చూశారు. పిలవనివాళ్లతో పోలిస్తే, స్క్రీనింగ్‌కి పిలిచినవాళ్లలో ప్రోస్టేట్ క్యాన్సర్ చావులు 13 శాతం తగ్గాయి. ఇంకోలా చెప్పాలంటే, 456 మందిని పిలిస్తే ఒక చావు తప్పింది. తక్కువ అనిపిస్తుంది, ఆ ఒక్కరు మన ఇంటి మనిషైతే తక్కువ కాదు. మరోపక్క, ప్రోస్టేట్ క్యాన్సర్లలో చాలా వాటికి నత్తనడక. బతికినన్నాళ్లూ ఏమీ చేయనివి కూడా టెస్టులో బయటపడతాయి. బయటపడ్డాక ఆపరేషనో రేడియేషనో చేస్తే, కొందరికి మూత్రం ఆగకుండా కారడం, అంగం గట్టిపడకపోవడం లాంటి ఇబ్బందులు మిగులుతాయి. అందుకే నెమ్మది రకం అయితే వైద్యం చేయకుండా కనిపెట్టుకుని ఉండే పద్ధతి కూడా ఇప్పుడు ఉంది.

ఈ సంగతులు తెలిసీ చేయించుకుంటానన్నవాళ్లకు నేను సంతోషంగా రక్తం తీస్తాను. తెలిసీ వద్దనుకున్నవాళ్లను బలవంతపెట్టను.

రిపోర్టులో 4 దాటింది. క్యాన్సరేనా?

క్యాన్సరేనని కాదు, కంగారుపడకండి. పీఎస్‌ఏ పెరిగిన నలుగురిలో ముగ్గురికి క్యాన్సర్ ఉండదు. పైగా వయసుతో గ్రంథి పెరుగుతుంది కాబట్టి అందరికీ 4 అన్న గీత సరిపోదు. బ్రిటన్‌లో యాభైల్లో ఉన్నవాళ్లకు 3.5, అరవైల్లో 4.5, డెబ్బైల్లో 6.5 దాటితేనే పెద్ద డాక్టరు దగ్గరికి పంపమంటారు. ముందు చేయాల్సింది, పైన చెప్పిన జాగ్రత్తల్లో ఏదైనా తప్పిందేమో నిజాయితీగా గుర్తు చేసుకోవడం. తర్వాత కొన్ని వారాలాగి, అదే ల్యాబ్‌లో మళ్లీ ఇవ్వడం. రెండోసారీ ఎక్కువ వస్తే యూరాలజిస్టు వేలితో పరీక్ష చేసి, ఎమ్మారై చూసి, అవసరమైతే ముక్క తీసి పంపిస్తారు. క్యాన్సరా కాదా అని తేల్చేది ఆ ముక్కే. 4కీ 10కీ మధ్య ఉన్నవాళ్లకు ఫ్రీ పీఎస్‌ఏ కూడా రాస్తారు. అందులో ఫ్రీ భాగం 25 శాతం దాటితే అనుమానం తగ్గుతుంది, 10 శాతం కంటే తక్కువైతే పెరుగుతుంది.

4 లోపే వచ్చింది. ఇక భయం లేనట్టేనా?

చాలావరకు. పూర్తిగా అని నేను చెప్పలేను. అమెరికాలో 4 లోపు ఉన్నవాళ్లకు కూడా ముక్క తీసి చూసిన ఒక పెద్ద అధ్యయనంలో నూటికి 15 మందికి క్యాన్సర్ కనబడింది, వాటిలో ఎక్కువ నెమ్మది రకాలే. అంకె బాగుందని ఒంట్లో కనిపించే ఇబ్బందిని పక్కన పెట్టకండి.

ఏ లక్షణాలుంటే టెస్టు కోసం ఆగకుండా ఆసుపత్రికి పోవాలి?

ఒంటికి అస్సలు రాకపోతే, మూత్రంలో రక్తం పడితే, చలిజ్వరంతో మూత్రం మంట ఉంటే వెంటనే వెళ్లండి. వెన్నులో తగ్గని నొప్పితో పాటు కాళ్లు బలహీనపడితే అదే రోజు వెళ్లాలి, తెల్లారేదాకా ఆగొద్దు. ధార సన్నగా రావడం, రాత్రి నాలుగైదుసార్లు లేవడం ఎక్కువగా వయసుతో వచ్చే ఉబ్బు వల్లే, అయినా చూపించుకోండి.

నిజంగా క్యాన్సరని తేలితే ఎక్కడికి వెళ్లాలి? ఖర్చు?

మొదట శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రి, మనమంతా ఇప్పటికీ రిమ్స్ అనే పిలుస్తాం. విజయనగరం వైపు వాళ్లకు అక్కడి ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి. అక్కడి నుంచి విశాఖపట్నం కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అంటే కేజీహెచ్‌కి పంపుతారు. అగనంపూడిలో టాటా మెమోరియల్ సెంటర్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది, క్యాన్సర్ కోసమే కట్టినది. ఎన్టీఆర్ వైద్య సేవ పథకం కింద క్యాన్సర్ వైద్యాలు ఉన్నాయి. బయల్దేరే ముందు 104కి ఫోను చేసి, మీకు రాసిన వైద్యం ఏ ఆసుపత్రిలో కవరవుతుందో అడగండి. భూమి, బంగారం మీదికి చెయ్యి వెళ్లకముందే ఆ ఫోను చేయాలి.

మా నాన్న రానంటున్నారు. ఎలా ఒప్పించాలి?

ముందు ఆయన దేనికి రానంటున్నారో కనుక్కోండి. బట్టలు విప్పాలనుకుంటున్నారేమో, క్యాన్సర్ అన్న మాటకే భయపడుతున్నారేమో. కొడుకు చెబితే వినని మాట తోటి వయసువాళ్లు చెబితే వింటారు. డెబ్బై దాటి, ఏ ఇబ్బందీ లేకుండా తిరుగుతున్న మనిషైతే డాక్టర్నడిగి వదిలేయండి.

మా నాన్నకు ఇప్పుడు డెబ్బై దాటింది, డాక్టరు గారు ఇక పీఎస్‌ఏ చాలన్నారు. జీడితోట ఉంది, ఏటా గింజలేరుతున్నారు. ఊళ్లో ఎవరైనా టీ కొట్టు దగ్గర చీటీ తీసి “పీఎస్‌ఏ రాశారు” అంటే, కళ్లజోడు పెట్టుకుని అందుకుని చదువుతారట. చదివి, మొట్టమొదట అడిగేది ఒకటే: “పైపు తీసి ఎన్ని వారాలైంది బావూ?”